బొట్టు కింద తేదీ

ఎదురుచూడటం నాకు చేతకాదు. కుక్కర్ విజిల్ వేసేదాకా కూడా నిలబడలేను, మధ్యలో వంటింట్లోకి వెళ్లి మంట పెంచి వస్తాను. స్టాపులో బస్సు రాకపోతే తర్వాతి స్టాపుకి నడక మొదలెడతాను, సరిగ్గా ఆ నడిదారిలోనే బస్సు నన్ను దాటి వెళ్లిపోతుంది. అలాంటిదాన్ని కూర్చోబెట్టి, తెర మీద తెల్లటి చుక్కలు గుండ్రంగా తిప్పుతూ దయచేసి వేచి ఉండండి అంటే ఎలా ఉంటుంది? ఆ వారం మా ఇంట్లో నా నోట పడని వస్తువు లేదు.

గురువారం పదకొండు గంటలకి నాకు డెమో క్లాసు ఉంది. ఇంట్లో కూర్చునే ఎక్కడెక్కడి పిల్లలకో లెక్కలు చెప్పించే సంస్థ ఒకటి నా దరఖాస్తు చూసి పిలిచింది. రేపల్లెలో నేను ఏళ్ల తరబడి పాఠం చెప్పిన స్కూలు మూతపడి ఏడాది దాటింది. ఆ తర్వాత తెనాలిలో ఏ స్కూలు మెట్లెక్కినా "కబురు చేస్తామండి" అన్నవాళ్లే కానీ, కబురు చేసినవాళ్లు లేరు. నలభై దాటిన లెక్కల టీచరు ఎవరికి కావాలి? స్కూలు మూతపడటానికి కొంతకాలం ముందే నేను తెనాలిలోనే ఉన్న అత్తవారింటి నుంచి బట్టలూ పుస్తకాలూ సర్దుకుని నాన్న దగ్గరికి వచ్చేశాను. ఎందుకు వచ్చానన్నది ఇక్కడ రాయను. వచ్చాను, అంతే. ఇక నా పేరు చెప్పుకుని నేను బతకాలంటే ఆ గురువారం పదకొండు గంటలు ఒక్కటే కనిపించాయి.

మా నాన్న తెలుగు పండితులుగా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు తెలిసినవాళ్లకి జాతకాలు చూస్తారు, ముహూర్తాలు పెడతారు. మా కంప్యూటర్ సగం ఆయనది, సగం నాది. అందులో జాతకాల ప్రోగ్రాం ఒకటి ఉంది. పుట్టిన తేదీలూ సమయాలూ నేను కొట్టిపెడితే ఆయన చక్రం చూసి ఫలితం చెబుతారు. పొద్దున పూట ముందు గదిలో ఆయన మనుషులు, మధ్యాహ్నం నేను. ఇంటర్నెట్‌తో ఆయనకి పనిలేదు, దాని జోలికే వెళ్లరు.

డెమోకి ఫోన్ కుదరదు, కంప్యూటరే ఉండాలన్నారు ఆ సంస్థవాళ్లు. వాళ్ల ప్రోగ్రాం ఫోన్లో దింపుకుని, వైరు పెట్టి కంప్యూటర్‌లోకి ఎక్కించబోతే, మీ సిస్టమ్ బాగా పాతది, కొత్త వెర్షన్ వేసుకుని, దాని అప్‌డేట్లన్నీ పెట్టుకుని రండి అంది. అంతకు కొన్ని వారాల ముందు నుంచే మా కంప్యూటర్‌లో ఏ వెబ్‌సైటు తెరిచినా భద్రత లేదు భద్రత లేదు అని ఎర్రటి హెచ్చరిక వస్తోంది. వైరస్ పట్టిందనుకున్నాను. పీడా వదిలిపోతుంది, మొత్తం కడిగేసి కొత్తగా మొదలెడదామనుకున్నాను.

సంగతి చెబుదామని నాన్న దగ్గరికి వెళితే ఆయన అప్పటికే పంచాంగం తెరిచారు.

"గురువారం పదకొండుకి వర్జ్యం ఉందమ్మా. అది దాటాక పెట్టుకుంటామని చెప్పరాదూ?"

"నాన్నా, వాళ్లెవరో ఎక్కడో ఏసీ గదిలో కూర్చుని ఉంటారు. మీ వర్జ్యం దాటేదాకా నా కోసం ఆగుతారా?"

"అడిగితే తప్పేముంది?"

"తప్పేమీ లేదు, ఉద్యోగం పోతుంది. అంతే!"

గొంతు లేచింది. ఆయన పంచాంగం మూసి బల్ల మీద పెట్టారు. మరి మాట్లాడలేదు. ఆయన తీరే అంత. నేను సూట్‌కేసుతో గుమ్మంలో దిగిన రోజున కూడా ఎందుకొచ్చావని అడగలేదు. "కాళ్లు కడుక్కుని రా, అన్నం తిందువుగాని" అన్నారు. ఆ తర్వాత ఇన్నాళ్లలో ఒక్క మాట అడగలేదు. మొదట్లో అది మంచితనమనుకున్నాను. రాను రాను నా సంగతి ఆయనకి పట్టలేదేమోననిపించడం మొదలైంది. ఊళ్లోవాళ్ల కూతుళ్ల జాతకాలన్నీ ముందేసుకుని గంటల తరబడి చూస్తారే, సొంత కూతురు పక్క గదిలో ఎలా ఉందో చూడరే అని లోపల ఒక మంట ఉండేది.

మంగళవారం పొద్దున్నే రేపల్లె బండి ఎక్కాను. నాతో పాటు పనిచేసిన సైన్సు మాస్టారు అక్కడే ఉంటారు, స్కూల్లో కంప్యూటర్లన్నీ ఆయనే చూసేవారు. కొత్త సిస్టమ్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ ఇస్తానన్నారు. ఆ బండి నాకు కొత్త కాదు. వేమూరులో ఎవరెక్కుతారో, భట్టిప్రోలులో ఏ కిటికీ పక్క ఎండ పడుతుందో కళ్లు మూసుకుని చెప్పగలను. ఏళ్ల తరబడి టిఫిన్ బాక్సు ఒళ్లో పెట్టుకుని పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ వెళ్లిన దారి. ఆ రోజు మాత్రం ఒట్టి చేతులతో కూర్చుంటే తోచలేదు. పేపర్లు దిద్దే చెయ్యి ఊరికే ఉండలేక హ్యాండ్‌బ్యాగు జిప్పు తీస్తూ వేస్తూ ఉంటే పక్కనున్న పెద్దావిడ "ఏమైనా పోయిందా అమ్మా?" అని అడిగింది. లేదండీ అన్నాను.

మాస్టారు స్టేషన్ బయటే నిలబడి ఉన్నారు. పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టి జాగ్రత్తలు చెప్పారు.

"ఫార్మాట్ కొట్టడం పెద్ద పనేం కాదు మేడమ్, పదంటే పది నొక్కులు. అసలు పని ఆ తర్వాతే. అప్‌డేట్లు పెట్టండి. అవి పూర్తయ్యేదాకా ఇంకేదీ తెరవకండి. బ్రౌజర్ కూడా వద్దు. పాత వైరస్ మళ్లీ దూరిందంటే మొదటికొస్తుంది."

"ఎంతసేపు పడుతుందండీ?"

"అది మన చేతుల్లో లేదండి. ఓపిక పట్టాలి."

ఓపిక! నన్ను చూసి ఆ మాట అన్న మనిషితో ఇంకేం మాట్లాడతాను. అదే బండి తిరిగి బయల్దేరబోతుంటే పరిగెత్తి ఎక్కాను.

ఇంటికొచ్చి ముందు నాన్న జాతకాల ఫోల్డరు మొత్తం ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి దాచాను. ఆయన వెనకే నిలబడి చూస్తున్నారు.

"పాతదంతా పోతుందా?"

"పోతుంది నాన్నా."

"ఏదీ మిగలదా?"

"ఏదీ మిగలదు. మళ్లీ కొత్తగా పుట్టినట్టే."

"అయితే లగ్నం చూసి మొదలెడదామా?"

వెనక్కి తిరిగి చూశాను. ఆయన నవ్వుతున్నారు. నేను నవ్వలేదు. నొక్కేశాను.

మాస్టారు చెప్పింది నిజమే, ఫార్మాట్ సాయంత్రానికి అయిపోయింది. తెర మీద కొత్త నీలం రంగు వచ్చింది. ఒక మూలన చెత్తబుట్ట బొమ్మ తప్ప ఇంకేమీ లేదు. ఇల్లు ఖాళీ చేశాక కడిగిన గదిలా ఉంటే కాసేపు హాయిగా అనిపించింది. కుడిచేతి కింది మూల మాత్రం ఎప్పట్లాగే బొట్టు. ఆ బొట్టు సంగతి చెప్పాలి. ఏటా దసరాకి మా ఇంట్లో కత్తిపీటకీ కుట్టుమిషనుకీ నా స్కూటీకీ గంధం, కుంకుమ పెట్టినట్టే కంప్యూటర్‌కి కూడా పెడతాం. సీపీయూకి ఒకటి, మానిటర్‌కి ఒకటి. చట్రం సన్నగా ఉండటంతో మానిటర్ బొట్టు తెర మీదికే వస్తుంది. పూజ బొట్టు చేత్తో తుడవకూడదు, దానంతటది రాలిపోవాలంటారు నాన్న. అది రాలదు. మరుసటి దసరాకి దాని మీదే ఇంకొకటి. అలా పేరుకుని పేరుకుని చిన్న వడియమంత అయింది. దాని కింద గడియారం ఉంటుందని తెలుసు, కానీ మా ఇంట్లో టైము కోసం కంప్యూటర్ చూసేవాళ్లెవరు? గోడ గడియారం ఉంది, అది పది నిమిషాలు ముందుంటుంది. తిథీ వారమూ కావాలంటే నాన్న ఉన్నారు.

బుధవారం పొద్దున అప్‌డేట్లకి కూర్చున్నాను. ఫోన్‌ని వైరుతో కలిపి ఇంటర్నెట్ ఇచ్చాను. చుక్కలు తిరిగాయి. అప్‌డేట్ల కోసం వెతుకుతున్నాం అంది. వెతికింది, వెతికింది, చివరికి ఒక ఎర్ర గుర్తు పెట్టి, ఏదో తప్పు జరిగింది, తర్వాత మళ్లీ ప్రయత్నించండి అంది. కింద చాంతాడంత నంబరు. ఏదో తప్పేంటి? ఏ తప్పు? ఎక్కడ? నా క్లాసులో ఎవడైనా నోటుబుక్కులో లెక్క బదులు ఏదో తప్పు జరిగిందని రాసి తెస్తే ఊరుకుంటానా? మళ్లీ నొక్కాను. మళ్లీ అదే. కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను. వైరు మార్చాను. నాన్న ఫోన్లో సిమ్ తీసి నా ఫోన్లో వేసి చూసి, మళ్లీ తీసి ఇచ్చేశాను. మా సందులో సిగ్నల్ సరిగా ఉండదని, ఫోన్‌ని కిటికీ ఊచకి తాడుతో వేలాడగట్టాను. కరెంటు పోయి వచ్చింది. మళ్లీ మొదటి నుంచి.

ఈలోగా ఎవరో పెళ్లిచూపుల జాతకం పట్టుకుని వచ్చారు. కంప్యూటర్ నా దగ్గర ఇరుక్కుపోవడంతో నాన్న పాత పద్ధతిలో కాగితం మీద గళ్లు గీసుకుని లెక్క కడుతున్నారు. కళ్లజోడు ముక్కు చివరికి జారింది.

"మీకు ఇబ్బందవుతోంది" అన్నాను. నా గొంతులో విసుగే తప్ప మర్యాద లేదు.

"నాకేం తొందర లేదు. నీ పని చూసుకో" అన్నారు.

పనెక్కడ జరుగుతోంది చూసుకోవడానికి? లేచి వరండాలోకి వెళ్లాను, వచ్చాను. కాఫీ పెట్టాను, తాగడం మరిచాను. ఇంకో గంట గడిచేసరికి నేను ఆ డెమో ఇవ్వబోవడం లేదని దాదాపు నమ్మేశాను. వాళ్లకి ఫోన్ చేసి వాయిదా అడుగుదామా అంటే, పిలిచినరోజే వాళ్లు చెప్పారు, ఆ రోజు తప్పితే ఇంకో రోజు లేదని. నెట్ సెంటర్లో కూర్చుని చెబుదామంటే అక్కడ జిరాక్సుల గోలలో పాఠం ఎవరు వింటారు?

అప్పుడు బాపట్ల నుంచి మా అక్క ఫోన్ చేసింది. అక్కతో నాన్న రోజూ మాట్లాడతారు. నా అవస్థ ఆయనే చెప్పి ఉంటారు.

"మా ఇంట్లో ఫైబర్ నెట్ ఉందిగా, ఇక్కడికి వచ్చెయ్యరాదుటే" అంది.

"మీ ఇంట్లో కంప్యూటరేదీ? బావగారి ఆఫీసు లాప్‌టాప్‌లో వేరే ప్రోగ్రాములు ఎక్కనివ్వరుగా."

"నీ డబ్బానే తీసుకురా. టీవీకి తగిలిద్దాం."

మధ్యాహ్నానికల్లా సీపీయూని నాన్న పాత పంచెలో చుట్టి, కీబోర్డూ మౌసూ కలిపి పెద్ద సంచీలో పెట్టుకుని స్టేషన్లో ఉన్నాను. మానిటర్ ఇంట్లోనే ఉండిపోయింది. సంచీ కింద పెడితే ఎవరైనా తంతారని ఒళ్లో పెట్టుకున్నాను. చుండూరు దాటాక ఎదుటి సీటులో ఉన్నావిడ అడగనే అడిగింది.

"ఏంటమ్మా అది, అంత అపురూపంగా పట్టుకున్నావు? దేవుడి విగ్రహమా?"

"కాదండీ. కంప్యూటర్."

"అయ్యో. ఏమైంది దానికి?"

"అప్‌డేట్లు ఎక్కట్లేదండీ."

ఆవిడ ఎంతో జాలిగా చూసి నిడుబ్రోలులో దిగేటప్పుడు "తగ్గిపోతుందిలే అమ్మా" అని చెప్పి దిగింది. రెండు రోజుల్లో నాకు నవ్వొచ్చింది అప్పుడొక్కసారే.

బాపట్లలో అక్కావాళ్ల ఇల్లు వ్యవసాయ కాలేజీ వైపు. మా బావగారు క్రికెట్ చూస్తుంటే అక్క రిమోట్ లాక్కుని ఆయన్ని పక్క గదిలోకి పంపించేసింది. సీపీయూని టీవీకి తగిలించి, వాళ్ల నెట్ కేబుల్ వెనక దూర్చి, మీట నొక్కాను. గోడంత టీవీ మీద మా నీలం తెర వచ్చింది. అప్‌డేట్లు నొక్కాను. చుక్కలు తిరిగాయి. వెతికింది. ఎర్ర గుర్తు. ఏదో తప్పు జరిగింది.

ఇక నాకు ఏడుపొచ్చేసింది. దాచుకోలేదు. సోఫాలో కూలబడి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. సిగ్నల్ వంక పోయింది, మా సందు వంక పోయింది. ఇక మిగిలింది నా రాతే అనిపించింది. ఏది ముట్టుకున్నా ఇంతే, కాపురమూ ఇంతే, ఉద్యోగమూ ఇంతే అని పైకే అనేశాను.

అక్క ఉప్మా ప్లేటుతో వచ్చి నిలబడింది. సాయంత్రం సీరియల్ టైమయిందేమోనని అలవాటుగా టీవీ మూలకి చూసింది. టైము కోసం టీవీ మూలకి చూడటం అక్కకి అలవాటు. వాళ్ల టీవీ మీద కుంకుమ బొట్టు లేదు.

"ఏమే, ఇదేంటి?" అంది.

"ఏంటి?"

"ఈ తేదీ ఏంటే? ఏడు చూడు."

చూశాను. కుడిచేతి కింది మూల టైము సరిగ్గానే ఉంది. దాని కింద తేదీలో నెల వేరు, రోజు వేరు, ఏడు వేరు. మా కంప్యూటర్ రెండేళ్లు దాటి ముందుకెళ్లి కూర్చుంది.

ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. తేదీ డిస్కులో ఉండదు. లోపలి పలక మీద బొత్తాం లాంటి చిన్న బ్యాటరీ ఉంటుంది, దాని పోషణలో అది వేరేగా నడుస్తుంటుంది. ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా అది చెరగదు. తప్పుడు తేదీతో వచ్చిన మనిషిని అవతలి కంప్యూటర్లు లోపలికి రానివ్వవు. ఎర్ర హెచ్చరికలన్నీ అందుకే. వైరస్సూ లేదు, పాడూ లేదు. కొత్త బ్రౌజర్ తెరిచి ఉంటే అదైనా గడియారం తప్పని చెప్పేదేమో, మాస్టారు వద్దన్నారు. ఇంట్లో మానిటర్ మీద చూద్దామంటే బొట్టు.

"బ్యాటరీ అయిపోయి ఉంటుంది" అన్నాను. అనగానే నాకే తప్పనిపించింది. బ్యాటరీ అయిపోతే గడియారం వెనక్కి పోతుంది. ముందుకి దానంతటది పోదు. ఎవరో జరపాలి.

అక్క ప్లేటు బల్ల మీద పెట్టి, వేళ్ల మీద ఏవో నెలలు లెక్కపెట్టుకుంది. తర్వాత నా పక్కన కూర్చుంది.

"ఇది నాన్న చేసిన పనే" అంది. "నీకు ఏలినాటి శని వదిలే రోజు చెబుతుంటారుగా, అది ఈ తెర మీదున్న ఏడే. ఈ తేదీకి నెల ముందు."

"నాతో ఎప్పుడు చెప్పారు?"

"నీతో ఎలా చెబుతారే? జాతకమన్న మాట వినపడితే మీద పడతావు. నాతో చెబుతారు. ప్రతి శనివారం గుడికెళ్లి నీ పేరున తైలాభిషేకం చేయించుకుని వచ్చి నాకు ఫోన్ చేస్తారు. ఇంకా ఇన్ని నెలలుందమ్మా, ఆ తర్వాత దానికి ఢోకా లేదమ్మా అని. ప్రతి వారం అదే మాట."

శనివారాలు ఆయన గుడికెళతారని తెలుసు. నా పేరున అని తెలియదు.

ఆ జాతకాల ప్రోగ్రాం తెరిచీ తెరవగానే కంప్యూటర్‌లో ఆ వేళకి ఏ తేదీ ఉంటే ఆ నాటి గ్రహాలెక్కడున్నాయో చూపిస్తుంది. వేరే రోజు కావాలంటే గడిలో తేదీ కొట్టాలి, అందులో నెల ముందు రాయాలి, రోజు తర్వాత. ఆ తిరకాసు నాన్నకి పడదు. అందుకని ఆయన గడియారాన్నే జరిపేసి ఉంటారు. మౌస్ బాణాన్ని సరిగ్గా బొట్టు మీదికి తీసుకెళ్లి నొక్కి, కాలాన్ని కావలసినంత ముందుకి తోసి, నాకు మంచి రోజులు ఎలా వస్తాయో కూర్చుని చూసుకునేవారన్నమాట. పక్క గదిలో నేను, ఆయనకి నేను పట్టనని ఉడుక్కుంటూ ఉండేదాన్ని.

అబద్ధం చెప్పడమెందుకు, మొదట నాకు కోపమే వచ్చింది, రెండు రోజులుగా నన్ను రైళ్ల వెంట తిప్పింది ఇదా అని. ఫోన్ చేతిలోకి తీసుకుని ఆయన నంబరు దాకా వెళ్లాను. అక్క ఫోన్ లాక్కోలేదు. నేనే పక్కన పెట్టేశాను.

"ఇందులో నీకు శని వదిలి నెల దాటిందే" అంది అక్క టీవీ చూస్తూ. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

తేదీ మార్చే గడి తెరిచాను. నేను ఇవేవీ నమ్మను. నమ్మనని నాన్న ముఖం మీదే చెప్పినదాన్ని. అయినా ఆ ఏడుని వెనక్కి తిప్పబోతే చెయ్యి ఆడలేదు. గొడవలన్నీ అయిపోయిన రోజు అది. నేను ఎవరి మీదా ఆధారపడని రోజు, ఆయన నిశ్చింతగా నిద్రపోయే రోజు. అక్కడి నుంచి నన్ను నేనే దించి, ఉద్యోగం లేని ఈ బుధవారంలోకి తెచ్చుకోవాలి. వేరే దారి లేదు. గురువారం పదకొండు గంటలు ఆ ఏట్లో లేవు, ఇక్కడే ఉన్నాయి.

ఏడు మార్చాను. నెల మార్చాను. రోజు మార్చాను. సరే నొక్కాను.

అప్‌డేట్లు వరసగా దొరకడం మొదలైంది. ఒకటి దిగుతుంటే ఇంకొకటి, అది ఎక్కుతుంటే మరొకటి. ఆగి, మళ్లీ లేచి, మళ్లీ ఆగి. మా బావగారు మధ్యలో వచ్చి స్కోరు అడిగితే అక్క "ముప్ఫై రెండు శాతం" అని చెప్పి పంపించింది. రాత్రి ఎలా గడిచిందో నాకు గుర్తులేదు. తెల్లారేసరికి తెర మీద ఆకుపచ్చ గుర్తు ఉంది. ఆ సంస్థవాళ్ల ప్రోగ్రాం ఎక్కించాను, కిమ్మనకుండా ఎక్కింది. డెమోకి కావలసిన కెమెరా ఇంట్లోనే ఉండిపోవడంతో సీపీయూని మళ్లీ పంచెలో చుట్టుకుని మొదటి బండికి తెనాలి వచ్చేశాను.

నాన్న గేటు దగ్గరే ఉన్నారు. సంచీకి ఒక చెయ్యి వేసి లోపలికి పట్టారు. నేను వైర్లు తగిలిస్తుంటే వెనక నిలబడ్డారు.

"అయిందా అమ్మా?"

"అయింది నాన్నా."

"ఏంటట లోపం?"

చెప్పకుండా ఉండొచ్చు. దారంతా అదే అనుకుంటూ వచ్చాను. నా నోరు నా మాట వినదు.

"తేదీ తప్పుంది నాన్నా. రెండేళ్లు ముందుంది."

వైరు దూర్చడం ఆపి చూస్తే ఆయన కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుస్తున్నారు. తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడుస్తున్నారు.

"నేనేనమ్మా" అన్నారు చివరికి. "చూసి మళ్లీ మామూలుగా పెట్టేసేవాణ్ణి ఎప్పుడూ. ఆఖరిసారి పెట్టలేదు. ఆ రోజు చక్రంలో నీకు ఎక్కడా ఏ అడ్డూ లేదు. మళ్లీ ఇవాళ్టికి తెచ్చుకోబుద్ధి కాలేదు. దానివల్ల ఇంత అవుతుందని నాకేం తెలుసు?"

అరవాల్సినదాన్ని నేను. రెండు రోజులుగా అరవడానికి సిద్ధంగా ఉన్నదాన్ని. "కాఫీ తాగారా?" అని మాత్రం అడగగలిగాను. లేదన్నారు. ఇద్దరికీ పెట్టాను.

పదకొండు కావస్తుంటే కుర్చీ తెచ్చి వేసింది ఆయనే. తర్వాత కండువా కొస గ్లాసులో తడిపి, వంగి, మానిటర్ మూలనున్న బొట్టుని తుడవడం మొదలుపెట్టారు.

"పూజ బొట్టు కదా నాన్నా!"

"దసరాకి మళ్లీ పెడదాంలే. ఈసారి వెనకాల పెట్టు."

అది ఒక పట్టాన రాలేదు. గోటితో గీకి, మళ్లీ తడిపి, తుడిచారు. కింద నుంచి గడియారం బయటపడింది. ఆయన కళ్లజోడు సర్దుకుని తేదీ చదివారు. నెల చదివారు. ఏడు పైకి చదివారు. వర్జ్యం మాట ఎత్తలేదు.

"టైమవుతోంది, కూర్చో తల్లీ" అని తలుపు దగ్గరగా వేసి బయట వరండాలో కూర్చున్నారు. పాఠం చెబుతున్నంతసేపూ వీధిలోకొచ్చిన కూరల బండివాణ్ణీ పాతసామాన్లవాణ్ణీ చెయ్యెత్తి అవతలికి పంపడం కిటికీలోంచి నాకు కనిపిస్తూనే ఉంది.

వారం తిరగ్గానే ఆ సంస్థవాళ్లు ఫోన్ చేసి చేరమన్నారు. నాన్నతో చెప్పాను. ఆయన నన్ను చూసి, గోడనున్న క్యాలెండర్ చూశారు. ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్లారు. అక్కకి చేస్తున్నారని తెలుసు. ఈసారి నేను పక్క గదిలోకి వెళ్లలేదు, తలుపు వెనకే నిలబడ్డాను.

"వచ్చిందే ఉద్యోగం" అంటున్నారు. "ఎప్పుడేంటి? ఇవాళే. శని ఇంకా ఉంటే ఉండనీ. ఇవాళేనే, నేను తేదీ సరిచూసుకునే చెబుతున్నాను."